డ్రైవరు సీట్లో బాసింపట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు మాత్రమే చెందిన పని ఒకటుండేది. పొద్దున్నే మా నాన్న కారు స్టార్టు చేసేటప్పుడు డ్రైవరు సీట్లో కూర్చుని చోక్ లాగడం. చోక్ అంటే స్టీరింగు పక్కన ఉండే చిన్న నల్లటి పిడి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు దాన్ని బయటికి లాగితే పెట్రోలు కాస్త ఎక్కువ వెళ్లి బండి అందుకుంటుంది. అందుకున్నాక మెల్లగా లోపలికి నెట్టేయాలి. ఆ కారు మా ఇంటికి వచ్చేటప్పటికే ముసలిది. తాళం తిప్పితే స్టార్టవడం ఎప్పుడో మానేసింది. మా నాన్న బండి ముందు నిలబడి ఇనప హ్యాండిల్ తిప్పేవారు. అలా తిప్పేటప్పుడు లోపల ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషిని నేను.

మాది చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు పోయే దారిలో ఓ పెద్ద పల్లెటూరు. మా నాన్న అక్కడ డాక్టరు. చుట్టూ పత్తి, మిరప వేసే నల్లరేగడి పల్లెలు. ఎవరికి జ్వరం తగిలినా, తేలు కుట్టినా ఆయనే వెళ్లాలి. ఇంట్లో ఆయన నాతో మాట్లాడే తీరిక ఉండేది కాదు. పొద్దున ఆ పది నిమిషాలే మా ఇద్దరివీ. బండి అందుకోగానే ఆయన అద్దంలోంచి నన్ను చూసి తల ఊపేవారు. ఆ తల ఊపు కోసం నేను అలారం లేకుండానే లేచేదాన్ని.

నాకు పదకొండేళ్లు నిండిన ఏడు మా పెద్దమ్మ కూతురు మా ఇంట్లో ఉండి చదువుకోవడానికి వచ్చింది. వాళ్లది వేటపాలెం. పెద్దమ్మ, పెదనాన్న ఇద్దరూ జీడిపప్పు కొట్టే చోట పనికి వెళ్లేవాళ్లు. అక్క కూడా సెలవుల్లో వెళ్లేదట. జీడిగింజల నూనె అంటి దాని వేళ్ల చివర్లు నల్లగా, చర్మం ఊడి ఉండేవి. నాకంటే ఏడాదిన్నర పెద్దది. ఒక రేకుపెట్టె, చిన్న గుడ్డసంచీలో జీడిపప్పు బద్దలు పట్టుకుని బస్సు దిగింది. మా అమ్మ ఆ వేళ్లు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. వారం రోజులు ఆ వేళ్లకి తనే కొబ్బరినూనె రాసింది. నా వేళ్లకి ఏమీ కాలేదు కాబట్టి వాటికెవరూ ఏమీ రాయలేదు.

అక్కడ మొదలైంది నా కుళ్లు. పేరు మార్చి చెప్పి లాభం లేదు, అది కుళ్లే. అక్క లెక్కలు చప్పున చేసేది. ఏది విన్నా మర్చిపోయేది కాదు. ఎవరు మాట్లాడినా కళ్లు పెద్దవి చేసుకుని వినేది. పెద్దవాళ్లకి అంతకంటే ఇంకేం కావాలి. ఒకరోజు ఆస్పత్రి గదిలో మా నాన్న తన చేతి గడియారం విప్పి దానికిచ్చి, నాడి ఎలా లెక్కపెట్టాలో నేర్పిస్తున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన నాకు ఆయన ఆ గడియారం ఇవ్వలేదు. నేను అడగలేదన్నది వేరే సంగతి. అడక్కుండానే ఇవ్వాలని నా పట్టుదల.

ఆ కార్తీకమాసంలో నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. ఆ నాలుగు రోజులూ చోక్ లాగడానికి అక్క కూర్చుంది. అయిదో రోజు నేను లేచి బయటికి వచ్చేసరికి అది సీట్లో ఉంది, మా నాన్న హ్యాండిల్ తిప్పుతున్నారు. బండి అందుకుంది. ఆయన అద్దంలోంచి దాన్ని చూసి తల ఊపారు. నేను పళ్లపొడి అరచేతిలో వేసుకుని అలాగే నిలబడిపోయాను. ఎవరూ నన్ను కావాలని పక్కన పెట్టలేదు. కోలుకుంటున్న పిల్లని మంచులోకి ఎందుకు పిలవడమని ఊరుకున్నారు. నాకు మాత్రం ఇంట్లోంచి గెంటేసినట్టు అనిపించింది. నేను కోలుకున్నాక కూడా ఆ సీటు అక్కదే అయింది.

చలి ముదిరాక బండికి కొత్త రోగం పట్టుకుంది. పొద్దున స్టార్టయ్యేది, కానీ చోక్ లోపలికి నెట్టడం మొదలుపెట్టగానే మొత్తం ఒళ్లు వణికేది. అద్దాలు గలగలలాడేవి. ఒక్కోసారి రెండు గుటకలు మింగినట్టు చప్పుడు చేసి ఆగిపోయేది. మళ్లీ తిప్పాలి. పది నిమిషాలు ఎలాగో నడిపిస్తే, వేడెక్కాక ఏమీ ఎరగనట్టు మెత్తగా నడిచేది.

"బాబాయ్, బండి దగ్గుతోంది" అంది అక్క.

మా నాన్నకి ఆ మాట ఎంత నచ్చిందో. ఆ రోజు వచ్చిన రోగులందరికీ చెప్పారు. నేను అంతకు ముందు రెండేళ్లలో ఆ బండి గురించి ఎన్నో మాటలు చెప్పి ఉంటాను. ఒక్కటీ ఆయన ఎవరికీ చెప్పగా నేను వినలేదు.

చిలకలూరిపేటలో మా కారు చూసే మేస్త్రిగారు ఉండేవారు. మా నాన్న రెండుసార్లు బండి అక్కడికి తీసుకెళ్లారు. పది మైళ్లు నడిచి వెళ్లేసరికి ఇంజను వేడెక్కి బుద్ధిగా ఉండేది. మేస్త్రిగారికి ఏ లోపమూ దొరకలేదు. "చల్లగా ఉన్నప్పుడు చూస్తేగానీ తెలీదు డాక్టరుగారూ. ఆదివారం పొద్దున్నే నేనే మీ ఇంటికొస్తా" అన్నారట.

ఆయన వస్తానన్న ఆదివారానికి మూడు రోజుల ముందు నేను ఆ అబద్ధం చెప్పాను. మా నాన్న భోంచేస్తున్నారు. అక్క దొడ్లో బట్టలు ఆరేస్తోంది. నేను మంచినీళ్లు ఇస్తూ, చాలా మామూలుగా, అక్క చోక్‌తో ఆడుకుంటోందనీ, మీరు ముందు తిప్పుతుంటే అది ఊరికే లాగి వదులుతోందనీ, నేను కళ్లారా చూశాననీ చెప్పాను. మా నాన్న ముద్ద చేతిలోనే పెట్టుకుని నావైపు చూశారు. అబద్ధమాడే పిల్లనని ఆయనకి అప్పటిదాకా తెలియదు. నాకూ తెలియదు.

ఆయన అక్కని కేకలేయలేదు. పిలిచి, "రేపట్నుంచి నువ్వు బండి దగ్గరికి రావద్దులేమ్మా, చెల్లి చూసుకుంటుంది" అన్నారు. అంతే. అక్క ఎందుకని అడగలేదు. సరే బాబాయ్ అని తల వంచుకుని లోపలికి వెళ్లింది. ఆ రాత్రి అది పక్కన పడుకుంటే నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. గెలిచిన సంతోషం ఉండాలి కదా, ఉంది కూడా.

మర్నాడు సీటు నాదైంది. నాన్న తిప్పారు, బండి అందుకుంది, నేను చోక్ నెట్టాను. బండి వణికింది.  తప్పు అక్కది కాదని ఇప్పుడు తెలిసిపోతుంది. ఆ కంగారులో నా కుడికాలు దానంతటదే వెళ్లి యాక్సిలరేటర్‌ని కొంచెం తొక్కింది. వణుకు ఆగింది. ఇంజను చప్పుడు కాస్త పెరిగి నిలకడగా నడిచింది. నేను కాలు తీయలేదు. వేడెక్కేదాకా అలాగే తొక్కిపట్టాను. మా నాన్న హ్యాండిల్ పట్టుకుని అద్దంలోంచి నావైపు చూసి తల ఊపారు.

ఆ మధ్యాహ్నమే పేటకి వెళ్లే బస్సు కండక్టరు చేత మేస్త్రిగారికి కబురు పంపారు. బండి బాగైంది, ఆదివారం రానక్కర్లేదు అని.

తర్వాత ఎనిమిదో తొమ్మిదో రోజులు అలా గడిచాయి. రోజూ పొద్దున నా కాలు పెడల్ మీద. అక్క వంటింటి కిటికీలోంచి మావైపు చూస్తూ ఉండేది. అది చూస్తోందని నాకు తెలుసు. దాని చూపు నాకు బాగుండేది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ అది నిజం.

ఒకరోజు ఇంకా పూర్తిగా తెల్లవారక ముందే ఎవరో గేటు కొట్టారు. మూడు మైళ్ల అవతలి పల్లె నుంచి ఒకాయన సైకిల్ మీద వచ్చాడు. వాళ్ల తమ్ముడు ముందురోజు సాయంత్రందాకా పత్తికి పురుగుమందు కొట్టి వచ్చాడట. రాత్రి వాంతులు చేసుకున్నాడు. ఇప్పుడు నోట్లోంచి నురగ వస్తోంది, పిలిస్తే పలకడం లేదు. మా నాన్న సంచీ తీసుకుని ఒక్క ఉదుటున బయటికి వెళ్లారు. నన్ను లేపే తీరిక లేదు. తనే చోక్ లాగి, ముందుకు వెళ్లి హ్యాండిల్ తిప్పారు. బండి అందుకుంది, ఆ వేళప్పటి చలికి చోక్ లాగి ఉన్నా వణికింది, ఆయన పరుగెత్తుకుంటూ తలుపు దగ్గరికి వచ్చేలోపు ఆగిపోయింది. మళ్లీ తిప్పారు. మళ్లీ అంతే.

ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చింది. అరుగు మీదికి పరుగెత్తేసరికి ఆయన మూడోసారో నాలుగోసారో తిప్పుతున్నారు. చొక్కా చెమటకి తడిసిపోయింది. నేను సీటు దగ్గరికి చేరేలోపే హ్యాండిల్ కింద పారేసి, ఆ వచ్చినాయన సైకిల్ వెనక ఎక్కి కూర్చున్నారు. మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని, బూట్లు నేలకి రాసుకుంటూ వెళ్తున్న మా నాన్న వీపు నాకు ఇప్పటికీ కనబడుతుంది.

మధ్యాహ్నం తిరిగి వచ్చారు. ఆ మనిషి బతికాడు. కాళ్లు కడుక్కుంటూ మా అమ్మతో, "ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే నేను వెళ్లీ ఉపయోగం లేదు" అన్నారు. అమ్మ చెంబుతో నీళ్లు పోస్తూ దేవుడికి దండం పెట్టుకుంది. నేను తలుపు చాటున విన్నాను.  బండికి రోగం ఉందని ఆ ఇంట్లో తెలిసిన మనిషిని నేనే. బాగైందని నమ్మించి మేస్త్రిగారిని రాకుండా చేసిందీ నేనే. అయినా నోరు విప్పలేదు. విప్పితే సీటు పోతుంది, దాంతోపాటు ఇంకా చాలా పోతుందని భయం.

మా నాన్న మళ్లీ కబురు పంపారు. మూడో రోజు మేస్త్రిగారు తెల్లవారుజాము నమాజు చదువుకుని మొదటి బస్సుకి వచ్చారు. తాను వచ్చేదాకా బండిని ఎవరూ ముట్టుకోవద్దని ముందే చెప్పి పంపారు. అరవై దాటిన మనిషి. తెల్లగడ్డం, చేతులకి ఎంత కడిగినా పోని మసి. వచ్చీ రాగానే బానెట్ ఎత్తుతారనుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగుతూ ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. అచ్చం మా నాన్న రోగుల్ని అడిగినట్టే. వణుకు ఎప్పుడు మొదలైంది, చోక్ లాగి ఉండగా వస్తుందా, నెట్టాక వస్తుందా, వేడెక్కాక ఎప్పుడైనా వచ్చిందా.

"మధ్యలో బాగైందని కబురంపారు గదా, అదెప్పుడండీ?" అన్నారు.

"మా అమ్మాయి కూర్చున్నప్పట్నుంచి" అన్నారు మా నాన్న. అని, అక్క చోక్‌తో ఆడేదన్న సంగతి కూడా చెప్పారు. అక్క అప్పుడే మొదటిసారి ఆ మాట విన్నది. స్తంభం పక్కన నిలబడి నావైపు చూసింది. నేను నా కాలివేళ్లు చూసుకున్నాను.

మేస్త్రిగారు గ్లాసు కింద పెట్టి, "అయితే ఇద్దర్నీ కూర్చోబెట్టి చూద్దాం" అన్నారు.

ముందు అక్కని కూర్చోమన్నారు. ఆయనే తిప్పారు. అక్క చోక్ లాగింది, ఆయన చెయ్యి ఊపినప్పుడు నెట్టింది. బండి వణికి ఆగిపోయింది. తర్వాత నన్ను కూర్చోమన్నారు. నాకు వేరే దారి లేదు. మళ్లీ తిప్పారు, నేను చోక్ నెట్టాను, కాలు తొక్కాను. బండి నిలకడగా నడిచింది.

"చూశారా మేస్త్రీ" అన్నారు మా నాన్న.

మేస్త్రిగారు బండి ముందుకు వంగారు. చెవి ఇంజను వైపు పెట్టి కాసేపు విన్నారు. తర్వాత నెమ్మదిగా నడుచుకుంటూ నా పక్కకి వచ్చి తలుపు తెరిచారు. వంగి నా కాలివైపు చూశారు. నా మొహంవైపు చూశారు. మా నాన్న బండికి అటువైపున ఉన్నారు, ఆయనకి ఇదేమీ కనబడదు. ఇంక అంతా అయిపోయిందనుకుని కళ్లు మూసుకున్నాను.

"తల్లీ, రెండు కాళ్లూ పైకి తీసి బాసింపట్టు వేసుకుని కూర్చో. భోజనానికి కూర్చున్నట్టు" అన్నారు, చిన్నగొంతుతో.

నేను కాళ్లు పైకి మడుచుకున్నాను. బండి ఒక్కసారిగా గడగడ వణికి ఆగిపోయింది. 

"అమ్మాయిలిద్దరి దోషం ఏం లేదండి. చోక్ సరిగ్గానే వాడుతున్నారు. రోగం బండిలోనే ఉంది" అని గట్టిగా మా నాన్నతో చెప్పారు. నా కాలి సంగతి చెప్పలేదు. చెబుతారేమోనని చూస్తూ కూర్చున్నాను. చెప్పలేదు.

ఆ తర్వాతే బానెట్ ఎత్తారు. మా నాన్నని పెడల్ దగ్గర కూర్చోబెట్టి బండి ఆగిపోకుండా పట్టుకోమన్నారు. ప్లగ్గులకి వెళ్లే వైర్లు ఒక్కొక్కటే గుడ్డతో పట్టుకుని తీసి మళ్లీ పెట్టారు. ఏది తీసినా చప్పుడు ఒకేలా పడిపోయింది. "నాలుగూ పనిచేస్తున్నాయి, వీటి తప్పు కాదు" అన్నారు. తర్వాత ఇంజను గాలి పీల్చే దారిలో ఉన్న అతుకుల మీద నూనెడబ్బాతో చుక్కచుక్కగా ఆయిల్ వేస్తూ విన్నారు. మార్పు లేదు. చివరికి వేలు లావున్న ఒక రబ్బరు గొట్టం కింద చెయ్యి పెట్టి, తడిమి, గట్టిగా నొక్కిపట్టారు. మా నాన్నని కాలు తీసేయమన్నారు. బండి వణకలేదు. వదిలారు, వణికింది. నొక్కారు, ఆగింది.

మమ్మల్నిద్దర్నీ పిలిచి చూపించారు. గొట్టానికి అడుగున, కంటికి ఆనని చోట, గోరంత చీలిక. చలికి రబ్బరు బిగుసుకుని చీలిక తెరుచుకుంటోంది, అక్కర్లేని గాలి లోపలికి పోతోంది. వేడికి మెత్తబడి మూసుకుంటోంది. అందుకే ఆయన షెడ్డులో ఎప్పుడూ దొరకలేదు. సంచీలోంచి కొత్త గొట్టం ముక్క తీసి కోసి బిగించారు. అంత గొడవకి కారణం నా చూపుడువేలంత రబ్బరు ముక్క.

మా నాన్న డ్రెస్సు మార్చుకోవడానికి లోపలికి వెళ్లారు. అక్క మేస్త్రిగారికి చేతులు కడుక్కోవడానికి నీళ్లు తేవడానికి వెళ్లింది. నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఎన్నాళ్ల నుంచి తొక్కుతున్నావమ్మా?" అన్నారాయన, పానాలు గుడ్డతో తుడుచుకుంటూ.

చెప్పాను. అన్నీ చెప్పాను. గడియారం సంగతి, జీడిపప్పు వేళ్ల సంగతి కూడా. ఏడుస్తూ చెప్పానో ఎలా చెప్పానో గుర్తులేదు. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు.

"అక్క మీద కుళ్లొచ్చింది. వస్తది, నాకూ మా అన్న మీద ఉండేది. అయితే మీ నాన్నతో ఆ మాటే చెప్పాల్సింది. కుళ్లుగా ఉంది నాన్నా అని. అది చెప్పలేక వేరే మాట చెప్పావు" అన్నారు. పానాలు సంచీలో వేసుకుని, "నేను చెప్పను తల్లీ. నువ్వే చెప్పుకో. ముందు అక్కకి" అన్నారు. ఆ తర్వాత బస్సు టైము కనుక్కుని లేచారు.

అక్కకి ఆ సాయంత్రం డాబా మీద చెప్పాను. మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, మేమిద్దరం గోనెపట్టాలు కప్పుతున్నాం. నేను చెప్పడం పూర్తికాకముందే అది, "నాకు తెలుసే" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు కాలు తొక్కుతున్నావని. నువ్వు సీటు అంచుకి జరగడం కిటికీలోంచి కనబడతది. నేను ఆడుకున్నానని చెప్పావని మాత్రం ఇవాళే తెలిసింది."

"మరి నాన్నకి చెప్పలేదేం?"

అది పట్టా అంచు మీద ఇటుక పెట్టి, ఇంకో ఇటుక వెతుక్కుంటూ అంది. "చెబితే నువ్వు నన్ను ఇంకా తిట్టుకుంటావు. ఇంట్లో గొడవైతే పంపిచ్చేస్తారు. నాకు మళ్లా జీడిగింజల కాడికి పోవాలని లేదు."

నేను అన్నాళ్లూ దాన్ని అన్నీ దక్కించుకున్న మనిషి అనుకున్నాను. అది మాత్రం ఏ పొద్దు ఎవరు రేకుపెట్టె సర్దుకోమంటారోనని లెక్కపెట్టుకుంటూ బతుకుతోంది. మా అమ్మ కొబ్బరినూనె రాసినప్పుడు కూడా అది ఆ భయంతోనే చేతులు చాపిందేమో. మిరప ఘాటుకి ఇద్దరికీ కళ్లు మండుతున్నాయి. ఎవరు ఏడుస్తున్నారో చెప్పుకోవలసిన అవసరం లేకుండా పోయింది.

మా నాన్నకి ఆ రాత్రే చెప్పాను. కొడతారనుకున్నాను. ఆయన కొట్టలేదు, గుమ్మం పక్కన విప్పిన బూట్లవైపు చూస్తూ కూర్చున్నారు. ఆ సైకిల్ ప్రయాణం ఆయన మనసులో మెదులుతోందని నాకు అర్థమైంది. అదే నాకు దెబ్బకంటే ఎక్కువైంది. తర్వాత అక్కని పిలిచారు. "నిన్ను ఒక్కమాట అడక్కుండా తప్పు నీదే అనుకున్నానమ్మా. అది నా పొరపాటు. మనసులో పెట్టుకోకు" అన్నారు. పన్నెండేళ్ల పిల్లతో ఊరి డాక్టరు ఆ మాట అనడం నేను విన్నాను. ఎంత మంది పెద్దమనుషుల్ని చూశానో ఆ తర్వాత, ఆ మాట అనగలిగినవాళ్లు తక్కువ.

సీటు అక్కకే ఇచ్చారు. మర్నాడు పొద్దున నేను అరుగు మీద నిలబడి చూశాను. బండి మొదటి తిప్పుకే అందుకుని మెత్తగా నడిచింది. నాకు మళ్లీ కుళ్లు పుట్టింది. ఒక్కరోజులో పోతుందని ఎవరనుకున్నా పొరపాటే. కానీ ఆ సాయంత్రం మా నాన్న ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి, "నాన్నా, నాకూ నాడి చూడటం నేర్పిస్తారా, అక్కకి నేర్పిస్తే నాకు కుళ్లుగా ఉంది" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశారు. నవ్వారు. గడియారం విప్పారు.

అక్క నర్సు ట్రైనింగ్ చేసి గుంటూరులో ముప్పయ్యేళ్లు పనిచేసింది. నేను టీచరునయ్యాను. ఇద్దరం ఇప్పుడు రిటైరయ్యాం. దాని చేతుల మీదుగా ఎంతమంది బతికి బయటపడ్డారో వింటుంటే గర్వమూ, వెనకే పాత కుళ్లూ రెండూ వస్తాయి. వచ్చినప్పుడు ఫోనులోనే చెప్పేస్తాను. అది పకపకా నవ్వి, నీ స్కూలు పిల్లలు పండక్కి పండక్కి నీకు దండం పెట్టడానికి వస్తారుగా, నాకు ఒళ్లు మండదా అంటుంది.

మొన్న మా మనవరాలి పుట్టినరోజుకి నేను ముందే పోయి కూర్చున్నా, అది గుమ్మంలోకి వచ్చిన వాళ్ల అమ్మమ్మ దగ్గరికి పరుగెత్తింది. వియ్యపురాలు బంగారంలాంటి మనిషి. అయినా ఆ క్షణంలో ఆవిడ తెచ్చిన గౌను బిగుతుగా ఉందని ఒక మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. గౌను సరిగ్గానే ఉంది. ఆ మాట మింగేసి, కోడలితో, "మీ అమ్మ దగ్గరికి ముందు పోయింది, నాకు కుళ్లుగా ఉందే" అన్నాను. కోడలు నవ్వింది, వియ్యపురాలూ నవ్వి పాపని తెచ్చి నా ఒళ్లో పడేసింది. కుళ్లు పుట్టకుండా ఎలా ఉండాలో నాకు ఈ వయసుకీ తెలియలేదు. దాన్ని దాని పేరుతో పిలిచి బయట పెట్టడం మాత్రం చేతనైంది. పెట్టిన ప్రతిసారీ ఎదుటివాళ్లు నాకు కాస్త జరిగి చోటిచ్చారు.